ఎవరి ఆచారం ఆచారం? ప్రివీ కౌన్సిలు తీర్పులూ, కృష్ణా జమీందారీలూ

నూజివీడు జమీందారీ ఆరు వాటాలు కావటానికి మూలం 1879లో లండను నగరంలో వెలువడిన ఒక తీర్పు. దేవరకోట జమీందారీ, అంటే మనం వాడుకగా చల్లపల్లి జమీ అనుకునేది, చీలకుండా ఒక్క చేతిలో నిలవటానికి మూలం అదే న్యాయస్థానం 1890లో యిచ్చిన మరొక తీర్పు. రెండూ కృష్ణా జిల్లా జమీలే. రెండు దివాణాల తరఫునా వినిపించిన వాదన కూడా దాదాపు ఒక్కటే: మాది పూర్వపు సంస్థానం, పెద్దవాడికే గద్దె, తమ్ములకు భాగం లేదు, యిది మా వంశాచారం. ఒకరి ఆచారం చెల్లింది. మరొకరిది చెల్లలేదు.

మన జిల్లా చరిత్రలు యీ తీర్పుల్ని జమీందారుల వంశావళుల నడుమ ఒక వాక్యంలో ముగిస్తాయి. ఎవరికి ఎంత వచ్చిందో చెప్పి వూరుకుంటాయి. ఆ వాటాల్లో వున్న వూళ్ళ సంగతి, ఆ వూళ్ళలో దుక్కి దున్నినవాడి సంగతి అడగవు. నేను న్యాయశాస్త్రం చదివినవాణ్ణి కాను, తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి. ఆచారం, వాడుక, మామూలు అనే మూడు మాటల చరిత్ర వెతుక్కుంటూ పోతే ధర్మశాస్త్ర గ్రంథాల కంటె యీ లా రిపోర్టుల్లోనే నాకు ఎక్కువ సరుకు దొరికింది. పందొమ్మిదో శతాబ్దం చివరి భాగంలో యీ దేశానికి అత్యున్నత న్యాయస్థానంగా చెలామణి అయిన ఆ కౌన్సిలు, ఎవరి వాడుకను చట్టంగా స్వీకరించింది, ఎవరి వాడుకను తన గడప తొక్కనివ్వలేదు అన్నదే నా ప్రశ్న.

ముందుగా ఆ న్యాయస్థానం సంగతి. ప్రివీ కౌన్సిలులోని న్యాయ సంఘం 1833లో బ్రిటిషు పార్లమెంటు చేసిన చట్టంతో ఏర్పడింది. పేరుకు అది తీర్పు చెప్పదు, సింహాసనానికి సలహా యిస్తుంది. ఆ సలహాయే రాజాజ్ఞగా వెలువడి మన పొలాలకు గట్లు వేసేది. 1862లో మద్రాసు హైకోర్టు ఏర్పడిన తరువాత అక్కడి నుంచి అప్పీళ్ళు నేరుగా లండనుకు పోయేవి. దస్తావేజులన్నీ తెలుగు నుంచి యింగ్లీషులోకి తర్జుమా కావాలి, పుస్తకంగా అచ్చు పడాలి, ఓడ ఎక్కాలి. అక్కడ సాలిసిటరు ఒకడు, బారిస్టరు ఒకడు కావాలి. కేసు వినే పెద్దలలో కృష్ణానదిని కళ్ళతో చూసినవాడు వుంటే అది దైవికమే. కలకత్తాలో వుద్యోగం చేసి పోయిన మాజీ న్యాయమూర్తులు కొందరుండేవారు. భారతీయుడొకడు, సయ్యద్ అమీర్ అలీ, ఆ సంఘంలో కూర్చోవటం 1909లో గాని జరగలేదు. మనం మాట్లాడుకుంటున్న జమీ వారసత్వపు తీర్పులన్నీ అంతకు ముందువి.

గడప తొక్కనివ్వలేదని పైన అన్నాను. అది అలంకారానికి అన్నమాట కాదు. లండనుకు అప్పీలు పోవాలంటే వ్యాజ్యం విలువ పదివేల రూపాయలు వుండాలి. 1838 నాటి రాజాజ్ఞ నుంచి తరువాతి సివిలు ప్రొసీజరు కోడ్ల దాకా యీ హద్దు వుంది. విలువ తక్కువైనా యిది తగిన కేసే అని హైకోర్టు సర్టిఫికెట్టు యిస్తే పోవచ్చు. అది యిచ్చేవాడి దయ. నాలుగెకరాల శిస్తు తగాదా పదుల రూపాయల్లో వుంటుంది. పంట జప్తు చేసిన అమీను మీద ఫిర్యాదు యింకా తక్కువలో వుంటుంది. పదివేల రూపాయల ఆస్తి గలవాడి దాయాదుల పోరు మాత్రం సముద్రం దాటుతుంది. ఆ కాలపు ప్రివీ కౌన్సిలు రిపోర్టులు తిరగవేస్తే మన ప్రాంతం నుంచి పోయిన కేసుల్లో దత్తతలు, వాటాలు, వీలునామాలు, వితంతువుల హక్కులు కుప్పలు తెప్పలుగా కనిపిస్తాయి. దీనికి తెలుగువాళ్ళు స్వభావరీత్యా వ్యాజ్యప్రియులని కొందరు దొరలు రాసిపెట్టారు. మన పెద్దలు కొందరు దాన్ని నమ్మారు కూడా. రూపాయల హద్దు ఎక్కడ గీశారో చూస్తే ఎవరు వ్యాజ్యప్రియులుగా కనిపిస్తారో ముందే తెలిసిపోతుంది.

ఆ దాయాదుల పోరు ఆ కాలంలోనే ఎందుకు ముదిరిందంటే సమాధానం బెజవాడ ఆనకట్ట దగ్గర వుంది. 1802 నాటి యిరవై అయిదో రెగ్యులేషను కింద జమీందార్లు కుంఫిణీకి కట్టవలసిన పేష్కషు శాశ్వతంగా ఖాయమయింది. అప్పటి వసూళ్ళలో దాదాపు మూడింట రెండు వంతులు సర్కారుకు పోతే మిగిలింది జమీందారుది. ఆ రోజుల్లో అది పెద్ద మిగులు కాదు. 1832-33 కరువు నాటికి చాలా జమీలు బాకీల్లో మునిగి వేలానికి వచ్చాయి. 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది. కాలువల కింద వరి పండింది, భూమి ధర లేచింది, శిస్తు లేచింది. పేష్కషు మాత్రం 1802లో వున్నచోటనే వుంది. నడుమ మిగిలినదంతా దివాణానిది. అంతకు ముందు తరంలో భారంగా వున్న జమీ యీ తరంలో భాగ్యమయింది. భాగ్యం అయ్యాక భాగం అడిగే తమ్ముడు వుంటాడు.

ఆచారానికి చట్టంలో స్థానం యేమిటో ప్రివీ కౌన్సిలు 1868లోనే ఒక గొప్ప తీర్పులో చెప్పింది. అది రామనాథపురం జమీందారీ కేసు. మగడు అనుమతి యివ్వకుండా చనిపోతే వితంతువు దత్తత చేసుకోవచ్చునా అన్నది ప్రశ్న. సపిండుల సమ్మతితో చేసుకోవచ్చునని తేల్చుతూ, హిందూ ధర్మం విషయంలో వాడుక స్పష్టంగా రుజువైతే శాస్త్రగ్రంథంలోని వాక్యం కంటె వాడుకదే పైచేయి అని న్యాయమూర్తులు సిద్ధాంతం చేశారు. కాగితం మీద యిది ప్రజాస్వామికమైన మాట. మనువు ఏమన్నాడని కాకుండా మనుషులు ఎలా బతుకుతున్నారని అడగటమే కదా! నేను యీ తీర్పును మెచ్చుకుంటాను. అయితే వాడుకను రుజువు చేయాలంటే కాగితాలు కావాలి, సాక్షులు కావాలి, పది తరాల వంశవృక్షం కావాలి. అవి వున్నవాడి వాడుకకే పైచేయి.

యిక నూజివీడు. మేకా వారి యీ సంస్థానం పద్దెనిమిదో శతాబ్దం చివర కుంఫిణీతో చెడి, జమీ చేయి జారి, మళ్ళీ చేతికి వచ్చినది. తిరిగి వచ్చేటప్పుడు అది పూర్వపు ఆకారంలో రాలేదు. అన్నదమ్ముల నడుమ నిడదవోలు వైపు ఒకటి, నూజివీడు వైపు ఒకటిగా కుంఫిణీ వారే పంచారు. 1802లో సనదులు పుట్టాయి. రెండు తరాల తరువాత నూజివీడు వైపు వంశంలో ఆరుగురు అన్నదమ్ములు మిగిలారు. పెద్దవాడికేనా, అందరికా అన్న తగాదా లండను దాకా పోయింది. ప్రివీ కౌన్సిలు వారి తర్కం సూటిగా వుంది. పాత సంస్థానానికి పాత ఆచారం వుండి వుండవచ్చు గాక. పాతది పోయింది. మీ చేతిలో వున్నది 1802లో కుంఫిణీ సర్కారు కొత్తగా యిచ్చిన ఆస్తి. కొత్త ఆస్తికి పాత ఆచారం అంటుకోదు, మామూలు హిందూ ధర్మం ప్రకారం అన్నదమ్ములందరూ పంచుకోవలసిందే.

యీ తర్కాన్ని ఒక్క క్షణం ఆగి చూడాలి. తుపాకితో ఒక ఆచారాన్ని మధ్యలో తెంపినవాడు కుంఫిణీవాడు. తెగినది కనుక చెల్లదని చెప్పినవాడు కుంఫిణీవాడి వారసుడు. జమీందారు మీద నాకు జాలి లేదు. కాని యీ సూత్రం జమీందారు దగ్గర ఆగేది కాదు. మన చరిత్రలో 1802 ఒక గీత. ఆ గీతకు యివతల వున్నదంతా సర్కారు దానమనుకుంటే, అంతకు ముందు నుంచి పొలం దున్నుతున్న రైతుకు హక్కు ఎక్కడి నుంచి వచ్చింది? ఆ ప్రశ్న యీ తీర్పులో ఎవరూ వేయలేదు. వేయవలసినవాడు ఆ కేసులో పార్టీ కాడు.

తీర్పు అమలయ్యాక నూజివీడు ఆరు వాటాలయింది. వుయ్యూరు, మీర్జాపురం, మేడూరు, తేలప్రోలు, కపిలేశ్వరపురం అని మనం వినే ఎస్టేటు పేర్లు యీ చెట్టు కొమ్మలే. వీటిలో ఒక పేరు సినిమాల పుణ్యమా అని పొరుగు జిల్లాలకూ తెలుసు. 1949లో 'కీలుగుర్రం' తీసిన మీర్జాపురం రాజావారు యీ వంశంవారే. నేనుండే కంకిపాడు నుంచి బందరు రోడ్డు మీద తిన్నగా పోతే వుయ్యూరు వస్తుంది. ఆ బస్సులో కూర్చున్న కుర్రవాడికి వుయ్యూరంటే చెరుకు ఫ్యాక్టరీ. అక్కడ ఒక దివాణం ఎందుకు లేచిందో, దానికి డౌనింగు వీధితో ఏమి సంబంధమో చెబితే ఆశ్చర్యపోతాడు.

ఒక దివాణం ఆరు దివాణాలయినందువల్ల రైతుకు ఏమయింది? మా క్లాసులో ఒక అబ్బాయి లేచి, "మాస్టారూ, జమీ చిన్నదయితే జమీందారు బలం తగ్గాలి కదండీ?" అని అడిగాడు. సరైన ప్రశ్నే. పై అంతస్తులో చూస్తే బలం తగ్గిన మాట నిజం. కింద నుంచి చూస్తే వేరే సంగతి. ఆరు వాటాలకు ఆరు కచేరీలు, ఆరుగురు దివాన్లు, గుమాస్తాల గుంపు ఆరింతలు. రాజరికపు ఆర్భాటం ఆరో వంతుకు తగ్గదు, పల్లకీ సగం చేసి మోయించుకునేవాడు వుండడు. ఆ ఖర్చంతా అదే వూళ్ళ నుంచి రావాలి. పైగా వాటా పెట్టుకునేటప్పుడు ప్రతి వూరికీ ఎంత రాబడి అని లెక్క కడతారు. ఆసరా పంటగా, వీసబడిగా, నోటిమాట మీద నడిచిన వూళ్ళన్నీ రూపాయల పట్టీలోకి ఎక్కుతాయి. ఒకసారి ఎక్కిన అంకె దిగదు.

దేవరకోట కేసులో యార్లగడ్డ వారి అదృష్టం వేరుగా పండింది. వారి జమీ కూడా 1802 సనదు పుచ్చుకున్నదే. తమ్ముడి పక్షం ఆ సనదునే చూపించి, రెగ్యులేషను కింద యిది మామూలు ఆస్తే కదా, పంచమన్నది. 1890లో ప్రివీ కౌన్సిలు కాదన్నది. యిది పూర్వం నుంచి తెగకుండా వస్తున్న జమీ, పంచుకోకపోవటం యీ వంశపు వాడుక, మామూలు నమూనాలో వున్న సనదును పుచ్చుకున్నంత మాత్రాన ఆ వాడుక చెరిగిపోదు అన్నది. పెద్దవాడికి జమీ, తమ్ముడికి మనోవర్తి. ఆ మనోవర్తి తగాదా మీద అదే కుటుంబం మళ్ళీ లండనుకు ఎక్కింది. 1900లో దానిమీద యింకొక తీర్పు వుంది.

న్యాయవాది మిత్రుడొకడు యీ రెండు తీర్పులలో వైరుధ్యం లేదంటాడు. ఒకచోట పరంపర తెగింది, ఒకచోట తెగలేదు, అంతే తేడా అంటాడు. తర్కానికి అది సరే. నేను పట్టుకునే మాట వేరు. దేవరకోట తీర్పులో ఒక సూత్రం వుంది: సనదు కంటె ముందు నుంచీ వున్న హక్కు సనదుతో పోదు. జమీందారు కుటుంబానికి యీ సూత్రాన్ని ప్రసాదించిన న్యాయవ్యవస్థ, అదే కాలంలో, అదే డెల్టాలో రైతుకు దాన్ని వర్తింపజేసిందా?

దానికి పోయే ముందు పిఠాపురం సంగతి చెప్పకుండా వుండలేను. తెలుగు మేష్టరుగా నాకు అది ఎక్కువ కావలసిన కేసు. పిఠాపురం రాజావారు వెంకటగిరి వంశం నుంచి 1873లో ఒక కుర్రవాణ్ణి దత్తు తెచ్చుకున్నారు. 1885లో కొడుకు పుట్టాడు. 1890లో రాజావారు పోతూ పోతూ ఎస్టేటు కొడుకుకు వీలునామా రాశారు. దత్తపుత్రుడు వ్యాజ్యం వేశాడు. అంతకు ముందు 1888లో ఉత్తరాది జమీ ఒకదాని కేసులో ప్రివీ కౌన్సిలు ఒక విచిత్రమైన సూత్రం చేసి వుంది. పంచటానికి వీలులేని జమీలో కుటుంబంలోని తక్కినవారికి పుట్టుకతో హక్కు లేదు, కనుక వున్నవాడు దాన్ని అమ్ముకోవచ్చు, దానమివ్వవచ్చు. పంచరాదన్న ఆచారం జమీని కాపాడటానికి పుట్టినదనుకుంటే, ఆ ఆచారం నుంచే అమ్ముకునే స్వేచ్ఛ పుట్టించారన్నమాట! 1899లో పిఠాపురానికి అదే వర్తించింది. వీలునామా నిలిచింది, కొడుక్కే గద్దె దక్కింది. ఆ కొడుకే సూర్యరాయాంధ్ర నిఘంటువుకు పేరైన, ధనమిచ్చిన సూర్యారావు గారు. జయంతి రామయ్య పంతులు గారి గ్రాంథిక వాద శిబిరానికి ఆ ఎస్టేటు ఎంత అండో మీకు తెలుసు. గిడుగు వారు వాడుక భాష కోసం పోరాడుతూ వుంటే, వాడుకకు ఎదురు నిలిచిన పండితులకు పోషణ వచ్చిన జమీ, లండను న్యాయమూర్తులు ఒక 'వాడుక'ను వ్యాఖ్యానించిన పద్ధతి వల్ల ఆ చేతుల్లో నిలిచింది. చరిత్రకు హాస్యప్రియత్వం వుందని యిలాంటి చోటనే అనిపిస్తుంది.

గురజాడ సంగతి యింకా బాధాకరం. 1897లో ఆనందగజపతి పోయాక విజయనగరం వారసత్వపు వ్యాజ్యం లేచింది. రీవా మహారాణి కొలువులో వున్న అప్పారావు గారు ఆ కేసు కాగితాల మధ్య యేళ్ళు గడిపారు. మన భాషలో అంతటి నాటకం రాసిన మనిషి తక్కిన ఆయుష్షులో ఎంత భాగం దత్తత తగాదాకు ధారపోశాడో తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. కన్యాశుల్కంలో కోర్టులు, వకీళ్ళు, దొంగ సాక్ష్యాలు, వ్యాజ్యమంటే చెవి కోసుకునే అగ్నిహోత్రావధాన్లు అంత సజీవంగా వుండటం వూరికే కాదు. ఆ నాటకం మొదటి కూర్పు అచ్చయింది 1897లో. ఆ సంవత్సరాన్ని గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

యిప్పుడు రైతు. 1802 నాటి రెగ్యులేషన్లు జమీందారు రైతుకు పట్టా యివ్వాలన్నాయి. 1865 నాటి ఎనిమిదో చట్టం పట్టా, ముచ్చిలికా మార్చుకోవటాన్ని కట్టుదిట్టం చేసింది. ముచ్చిలికా యివ్వనివాణ్ణి దావాకీడ్చటానికి, బాకీవాడి పంటా గొడ్డూ జప్తు చేయటానికి దారులు వేసింది. ఆ చట్టంలో చెప్పని సంగతి ఒకటుంది: పొలం ఎవరిది? పట్టా ఒక ఫసలీకి రాసేవారు. ఫసలీ తీరాక రైతు పొలంలో వుండవచ్చునా, లేచిపోవాలా? 1871లో అరవదేశపు పండార సన్నిధి ఒకరి కేసులో మద్రాసు హైకోర్టు దీనికి జవాబు చెప్పింది. ప్రత్యేకమైన హక్కు రుజువు చేసుకోకపోతే రైతు సంవత్సరానికి సంవత్సరం కౌలుదారు మాత్రమే, గడువు తీరాక భూస్వామి నోటీసు యిచ్చి లేపవచ్చు అన్నది. యింగ్లండులో భూమి కౌలుకు యిచ్చే ప్రభువుకూ, పుచ్చుకునే కౌలుదారుకూ పుట్టిన సంబంధాన్ని తెచ్చి మన పల్లె మీద పరిచారు. రుజువు భారం రైతు మీద. ముత్తాత నాటి నుంచి దున్నుతున్నానని రుజువు చేసే కాగితం ఎవరి దగ్గర వుంటుంది? కరణం దగ్గర, దివాణంలో.

1868లో వాడుకకు పట్టాభిషేకం చేశారు. మూడేళ్ళకే ఆ వాడుక రైతు చేతిలో వుంటే పనికిరాకుండా పోయింది.

వేరే దారి ఆ కాలపు న్యాయమూర్తులకు తెలియదనటానికి వీల్లేదు. 1865లోనే కలకత్తా హైకోర్టులో పదిహేనుమంది న్యాయమూర్తులు కూర్చుని మహా శిస్తు కేసు అని పేరుపడ్డ వ్యాజ్యం విన్నారు. శిస్తును బజారు పోటీ మీద పెంచరాదు, వాడుకగా వస్తున్న నిష్పత్తి ప్రకారమే పెరగాలని పధ్నాలుగుమంది అన్నారు. కాదన్నవాడు ఒక్కడే, ప్రధాన న్యాయమూర్తి సర్ బార్న్స్ పీకాక్. 1862లో నీలిమందు తోటల దొర ఒకడి కేసులో రైతు శిస్తును యింగ్లీషు అర్థశాస్త్రవేత్తల నిర్వచనం ప్రకారం లెక్క కట్టాలన్నవాడు ఆయనే. తోటి న్యాయమూర్తులందరి చేతా కాదనిపించుకున్న యీ పెద్దమనిషి తరువాత ఎక్కడికి పోయాడు? లండనులో ప్రివీ కౌన్సిలు న్యాయ సంఘానికి. 1872 నుంచి 1890లో చనిపోయేదాకా మన దేశపు అప్పీళ్ళు విన్నవారిలో ఆయన ఒకడు.

యిది ఒక్క బ్రిటిషు సామ్రాజ్యపు రోగమూ కాదు. అదే కాలంలో అమెరికా సుప్రీంకోర్టును చూడండి. 1883లో నీగ్రో పౌరుల హక్కుల చట్టాన్ని కొట్టివేసింది. 1896లో ప్లెసీ కేసులో రైలు పెట్టెల్లో తెల్లవారికీ నల్లవారికీ వేరు చోట్లు పెట్టవచ్చునన్నది. ఆ రెండో తీర్పులో, శాసనసభ ప్రజలలో స్థిరపడిన వాడుకలను, ఆచారాలను, సంప్రదాయాలను లెక్కలోకి తీసుకోవచ్చునన్న వాదం వుంది. ఏ ప్రజల వాడుకలు? లూసియానాలో నల్లవాళ్ళూ ప్రజలే. వేరు చేయటం వారు పెట్టుకున్న ఆచారం కాదు. న్యాయస్థానం చెవికి అక్కడా ఒక పక్క గొంతే ఆచారంగా వినిపించింది.

1897లో మద్రాసు హైకోర్టు నుంచి వచ్చిన ఒక తీర్పు మాత్రం గాలి మార్చింది. వెంకట నరసింహనాయుడు వాది, దండమూడి కోటయ్య ప్రతివాది. దండమూడి అనే యింటిపేరు మన డెల్టాలో విననివారుండరు. లా రిపోర్టుల్లో రైతు పేరు రాజుల పేర్ల సరసన నిలిచిన అరుదైన చోటు అది. న్యాయమూర్తులలో ఒకరు సుబ్రహ్మణ్య అయ్యరు గారు. వారు తేల్చిన విషయం యిది: జమీందారీలోని రైతు హక్కు జమీందారు కౌలుకు యిచ్చినందువల్ల పుట్టినది కాదు. అడవి కొట్టి, బంజరు దున్ని, పొలంగా చేసినవాడిగా అతనికి స్వతంత్రంగా వచ్చినది. జమీందారుకు సర్కారు బదిలీ చేసింది శిస్తు వసూలు చేసుకునే అధికారం, నేల కాదు. కనుక సంవత్సరపు కౌలుదారు అనే యింగ్లీషు వూహ యిక్కడ చెల్లదు, లేపదలచినవాడే తన హక్కు రుజువు చేసుకోవాలి. రెండు మూడేళ్ళలో గంజాం వైపు చీకటి జమీందారు కేసులో అదే హైకోర్టు యీ సిద్ధాంతాన్ని మళ్ళీ గట్టిపరిచింది.

సనదు కంటె ముందున్న హక్కు సనదుతో పోదు! దేవరకోట గద్దెకు 1890లో దొరికిన సూత్రం కోటయ్యకు ఏడేళ్ళ తరువాత, లండనులో కాదు, మద్రాసులో దొరికింది.

యీ తీర్పును పొగిడి వూరుకోవటం మన పని కాదు. ఒకటి, యిది న్యాయమూర్తి బుర్రలోంచి వూడిపడలేదు. ముచ్చిలికాలు రాయమని మొండికేసిన వూళ్ళు, దివాణం మీద కలిసి చందాలు వేసుకుని దావాలు నడిపిన రైతులు లేకపోతే అది కోర్టు దాకా రాదు. హైకోర్టు దాకా పోయి వకీలు ఫీజు యిచ్చుకోగలిగిన ఒక రైతు తరగతి ఆనకట్ట నీళ్ళ మీద యీ నలభై యేళ్ళలో పైకి వచ్చింది. వరి అమ్మి, వడ్డీకిచ్చి, పిల్లల్ని బందరు చదువుకు పంపిన తరగతి అది. కోటయ్య గెలుపు ఆ తరగతి గెలుపు. రెండు, ఆ రైతు పొలంలో నాగలి పట్టిన పాలేరు, నాట్లు వేసిన మాలమాదిగ ఆడవాళ్ళు ఏ తీర్పులోనూ లేరు. అడవి కొట్టి పొలం చేసినవాడికి హక్కు పుడుతుందన్న సూత్రాన్ని అక్షరాలా వర్తింపజేస్తే గొడ్డలి పట్టినదెవరని అడగాలి. ఆ మాట సుబ్రహ్మణ్య అయ్యరు గారు అడగలేదు, రైతు తరఫు వకీలూ అడగలేదు. 1908లో ఎస్టేట్స్ లాండ్ ఆక్టు వచ్చి 1897 నాటి సిద్ధాంతాన్ని శాసనం చేసినప్పుడు కూడా జిరాయితీ హక్కు పట్టా వున్న రైతుకే గాని, అతని దగ్గర కౌలుకు చేసేవాడికి రాలేదు.

అంతలో లండను వారు తమ మాట అన్నారు. 1918లో ఒక అగ్రహారం కేసులో, ఇనాము యిచ్చినప్పుడు శిస్తు మాత్రమే యిచ్చారనీ, నేల రైతుకే మిగిలిందనీ ముందుగానే వూహించటానికి వీల్లేదని ప్రివీ కౌన్సిలు తీర్పు చెప్పింది. మద్రాసు న్యాయమూర్తులు రైతు వైపు జరిపిన రుజువు భారాన్ని ఇనాము గ్రామాలలో ఆ మేరకు వెనక్కి నెట్టారు. దాన్ని సరిచేయటానికి 1936లో చట్టం సవరించి ఇనాము గ్రామాలను కూడా ఎస్టేటు నిర్వచనంలోకి తేవలసి వచ్చింది. 1938లో ప్రకాశం పంతులు గారి సంఘం, జమీందారీలలో నేలకు యజమాని రైతేనని, శిస్తును 1802 నాటి మట్టానికి దించాలని నివేదించింది. అది అమలు కాకుండానే మంత్రివర్గం దిగిపోయింది. ఎస్టేట్ల రద్దు చట్టం 1948లో వచ్చింది. ప్రివీ కౌన్సిలు అధికారం 1949 అక్టోబరు 10న రద్దయింది. జమీలు, వాటి వారసత్వాల్ని తూచిన న్యాయస్థానం ఏడాది తేడాతో మన మీద నుంచి తొలగాయి.

1879, 1890 తీర్పుల ప్రభావం మాత్రం అంత తేలిగ్గా తొలగలేదు. ఆరుగా చీలిన నూజివీడు వైపు జమీలు ఒకదాని తరువాత ఒకటి పలచబడ్డాయి. చీలకుండా మిగిలిన చల్లపల్లి, దివి సీమలో యినుప గుండులా నిలిచింది. జమీందారీ వ్యతిరేకోద్యమానికి, తరువాత కమ్యూనిస్టుల నాయకత్వాన వ్యవసాయ కూలీల పోరాటాలకు మన జిల్లాలో అంత పెద్ద గురి అది కావటం యాదృచ్ఛికం కాదు. లంక భూములు, బంజర్లు, సొంత సేద్యమని రాసుకున్న వందల యెకరాలు, వీటి మీద తగాదాలు 1948 చట్టం తరువాతి దశాబ్దాల్లోనూ సాగాయి. ఆ పోరాటాల్లో దెబ్బలు తిన్న కూలీల మనవలు యివాళ మా కాలేజీలో చదువుతున్నారు.

జమీందారుల కాగితాలకు దిక్కుంది. నూజివీడు కేసూ, దేవరకోట కేసూ, పిఠాపురం కేసూ అచ్చు పుస్తకాలలో చక్కని అట్టలలో వున్నాయి. గోర్డన్ మెకంజీ దొర 1883లో రాసిన కృష్ణా జిల్లా మాన్యువలులో దివాణాల చరిత్ర వివరంగా వుంది. రైతుల పట్టాలు, ముచ్చిలికాలు, జప్తు నోటీసులు, చందా జాబితాలు అటకల మీద, తాటాకు పెట్టెల్లో, ఎలుకల పాలవుతున్నాయి. పెనమలూరు నుంచి పామర్రు దాకా ఏ వూళ్ళో ఎవరి యింట్లో అలాంటి కట్ట వున్నా, దానిలో 1865 చట్టం కింద రాసిన పట్టా ఒక్కటి దొరికినా, అందులో శిస్తు కింద రాసిన అంకెనూ నీటి తీరువ అంకెనూ విడివిడిగా నకలు చేసి వుంచండి. నూజివీడు పంపకానికి ముందు ఫసలీదొకటి, తరువాతి ఫసలీదొకటి ఒకే పొలానికి దొరికితే, ఆరు దివాణాల ఖర్చు గురించి పైన నేను అన్నమాటను అంకెలతో పరీక్షించవచ్చు.